సోమవారానికి ల్యాప్‌టాప్ కావాలి

మా ఆయన చీరలు అమ్మే మనిషి. ఇంకో పని రాదు. నేర్చుకోమంటే నవ్వేవాడు. పోచంపల్లి దిక్కు ఒక నేత ఊళ్లో పుట్టి, మగ్గం గుంతలో కాళ్లు పెట్టాల్సిన వయసులో దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, మెయిన్ రోడ్డు మీది ఒక చీరల దుకాణంలో తెల్ల పరుపు మీద కూర్చున్నాడు. మొన్న మొన్నటిదాకా అదే పరుపు. ఈ మధ్యలో రోడ్డు నెత్తిన మెట్రో వచ్చింది, దుకాణానికి అద్దాల తలుపులొచ్చాయి, ఏసీ వచ్చింది, మా ఆయన నెత్తిమీది వెంట్రుకలు మాత్రం పోయాయి. ఇంట్లో గట్టిగా నాలుగు మాటలు మాట్లాడని మనిషి అక్కడ కూర్చుంటే ఆగేవాడు కాదట. "మీ ఆయన ముందు కూర్చుంటే కొనకుండా లేవలేమమ్మా" అని నేను పనిచేసే దవాఖానాలో ఒక నర్సమ్మ నాతో అనేది.

ఆ దుకాణం మూతపడింది. సేటు పోయాక కొడుకులకు చీరల మీద మనసు లేదు, జాగా మీద ఉంది. అమ్ముకున్నారు. తప్పేం లేదు, వాళ్ల జాగా వాళ్లిష్టం. మా ఆయన మాత్రం ఇంట్లో పడ్డాడు. ఎల్బీనగర్‌లో మెట్రో స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో కిరాయికి ఉంటాం. పొద్దున నేను బయల్దేరే వేళకు ఆయన కూడా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎక్కడికీ పోకుండా కుర్చీలో కూర్చునేవాడు. సాయంత్రం నేను వచ్చేసరికి ఉతికిన తువ్వాళ్లు, దుప్పట్లు, ఆఖరికి వంటింటి మసిగుడ్డలు కూడా చీరల మడత పెట్టి, అంచు పైకి కనబడేట్టు పేర్చి ఉండేవి. మసిగుడ్డకు అంచేందయ్యా అని నవ్వుదామనుకునేదాన్ని. నవ్వు వచ్చేది కాదు. నా జీతంతో ఇల్లు గడుస్తుంది, బాధ అది కాదు. బంగారంలాంటి మనిషి, నేనిక దేనికీ పనికిరాననుకుంటున్నాడే అని నా బాధ.

అట్లాంటప్పుడు ఒక దారి దొరికింది. పెద్ద అంబర్‌పేట్‌లో గోదాం పెట్టుకుని ఫోన్లలో, కంప్యూటర్లలో చీరలు అమ్మే ఒకావిడకు, ఇంట్లోంచే వీడియోలో చీరలు చూపించి మాట్లాడే మనుషులు కావాలట. పాత దుకాణంలో మా ఆయన పక్కన కూర్చున్నతను చెప్పాడు. ఆవిడతో ఫోన్లో మాట్లాడాం. సోమవారం పొద్దున పదకొండింటికి వీడియోలో చీరలు చూపించమంది. నచ్చితే సరుకు ఇంటికే పంపిస్తానంది. ల్యాప్‌టాప్ మాత్రం మనదే ఉండాలి. ఒక పక్క కొనేవాళ్లు అడిగేవి వస్తుంటాయి, ఇంకో పక్క మన బొమ్మ ఉంటుంది, ఫోన్లో కుదరదు అంది.

మా ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంది. ఉందంటే ఉంది. మా అమ్మాయి డిగ్రీలో ఉన్నప్పుడు కొన్నది. అమ్మాయి పెళ్లయి నిజామాబాద్ పోయింది, ల్యాప్‌టాప్ మాకు మిగిలింది. దాని బటన్ నొక్కి, బియ్యం కడిగి కుక్కర్ పెట్టి వస్తే అప్పటికి తెర వెలిగేది. వీడియో యాప్ ఎక్కించబోతే, నిన్ను నడిపించే ఓఎస్ పాతది, నాకు సరిపోదు పొమ్మంది. కొత్త ఓఎస్ వేస్తేగానీ లాభం లేదన్నాడు మా తమ్ముడు.

మా తమ్ముడు మీర్‌పేట్‌లో ఉంటాడు. ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పని. మా చుట్టాల్లో ఎవరికి ఫోన్ పాడైనా, టీవీ పాడైనా, ఆఖరికి మిక్సీ తిరగకపోయినా వాడికే ఫోన్ పోతుంది. శుక్రవారం సాయంత్రం వచ్చి, అమ్మాయి ఫొటోలన్నీ ల్యాప్‌టాప్‌లోంచి నెట్‌లోకి ఎక్కించి భద్రంగా పెట్టి, ఓఎస్ ఉన్న పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టాడు.

"నువ్వే చెయ్యొచ్చక్కా. నెక్స్ట్, నెక్స్ట్ అనుకుంట పోవుడే. ఒక్క గంటల అయిపోతది" అన్నాడు.

నేను దవాఖానాలో బిల్లింగ్ కౌంటర్‌లో పొద్దస్తమానం కంప్యూటర్ ముందే ఉంటాను. ఇదెంత పని అనుకున్నాను. అనుకోవడానికేం, నోరు మనదే.

శనివారం పొద్దున్నే టిఫిన్లు కానిచ్చి మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్‌కు ఎడమ పక్క ఉన్న సందులో పెన్‌డ్రైవ్ గుచ్చి, తమ్ముడు చెప్పిన మీట నొక్కిపెట్టి ఆన్ చేశాను. నీలం తెర వచ్చింది. ఏ భాష అంది, చెప్పాను. పాతది తీసెయ్యనా అంది, తీసెయ్యమన్నాను. నెక్స్ట్, నెక్స్ట్. ఫైళ్లు ఎక్కుతున్నాయంటూ అంకెలు నడవడం మొదలైంది. మా ఆయన పక్కన కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు. సగం దాటిందో లేదో అంకె ఆగింది. ఎర్ర గుర్తొకటి వచ్చి, కావలసిన ఫైళ్లు దొరకట్లేదు, పని ఆపేస్తున్నాను అని ఇంగ్లీషులో చెప్పింది.

మళ్లీ మొదటినుంచి చేశాను. ఈసారి ఇంకా ముందే ఆగింది. మళ్లీ చేశాను. ఈసారి దాదాపు చివరిదాకా పోయి, నాకు కాస్త ఆశ పుట్టించి మరీ ఆగింది. సరే, పాత ఓఎస్ అయినా ఉంటుంది కదా అని పెన్‌డ్రైవ్ పీకి ఆన్ చేస్తే నల్ల తెర మీద తెల్లగా ఒకటే వాక్యం. ఇందులో నడిపించడానికేమీ లేదు అని. పాతది తీసెయ్యమన్నది నేనే కదా, ఎట్లా ఉంటుంది! వినాయకుణ్ణి చేయబోతే కోతి కూడా కాలేదు. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె.

"ఇంతేనా ఇగ?" అన్నాడు మా ఆయన.

"ఇంతే."

"పోతె పోనియ్యే. దాని దినం తీరింది. ఆమెకు ఫోన్ జేసి రామని చెప్పేద్దాం."

ఆయన మొహం చూశాను. బాధపడాల్సిన మొహం తేటగా ఉంది. పరీక్ష వాయిదా పడ్డ పిల్లాడి మొహంలా ఉంది. నాకు ఒళ్లు మండింది.

"సంబరమా నీకు? నేనిక్కడ నెత్తి కొట్టుకుంటున్న, నీకు సంబరమైతున్నదా బావా?"

మా ఆయన నాకు మేనబావ. చిన్నప్పటినుంచి నువ్వు అనే అలవాటు, పెళ్లయినా పోలేదు. ఆయన లేచి, ఆరిన బట్టలు తీసుకురావడానికి మేడ మీదికి పోయాడు. ఆయనకు కోపమొస్తే బట్టలు మడత పెడతాడు.

తమ్ముడికి ఫోన్ చేశాను. అంతా విని, పెన్‌డ్రైవ్‌లో దోషం లేదక్కా, నిన్ననే మా ల్యాబ్‌లో దాంతోనే రెండు వేసిన, అన్నాడు. "హార్డ్ డిస్క్ పోయినట్టున్నది. దిల్‌సుఖ్‌నగర్ తీస్కపోయి చూపియ్యి."

ఆ రోజు నాకు మధ్యాహ్నం డ్యూటీ, దవాఖానాకు సెలవు చెప్పి, ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని స్కూటర్ ఎక్కాం. కోచింగ్ సెంటర్ల సందులో, మెట్ల పక్కన ఒక రిపేరు షాపు. అతను విజయవాడ దిక్కువాడని మాటలో తెలుస్తోంది. ల్యాప్‌టాప్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చాలా పాతదండీ ఇది. డిస్కు మార్చాలి. దీనికి సరిపోయేది తెప్పించాలి మేడమ్. బుధవారం రండి."

"సోమవారం పొద్దున కావాలె మాకు."

"అవదండీ. ఆదివారం మాకు సరుకు రాదు. కావాలంటే వదిలేసి వెళ్లండి, మంగళవారం సాయంత్రానికి చూస్తాను."

వదిలిపెడితే సోమవారం పోయినట్టే. తీసుకుని బయటికొచ్చాం. తిరిగి వచ్చేటప్పుడు పాత దుకాణం ముందునుంచే రావాలి. షట్టర్ దించి ఉంది, బోర్డు తీసేశారు, బోర్డు ఉన్నచోట గోడ కొత్తదానిలా తెల్లగా ఉంది. మా ఆయన అటు చూడలేదు. ముందున్న ఆటోనే చూస్తూ నడిపాడు. చూస్తే బాగుండేది. అట్లా చూడకుండా పోవడమే నాకు కష్టమనిపించింది.

చైతన్యపురి దగ్గర చాయ్ తాగుదామని ఆపించాను. రెండు చాయ్‌లు చేతికొచ్చాక ఆయనే మాట ఎత్తుకున్నాడు.

"నీకు నిజం చెప్పాల్నా? నాకు భయమైతున్నదే."

"దేనికి?"

"ఆ కెమెరాకు. నా ముందల మనిషి కూసుండాలె. ఆమె చెయ్యి ఏ చీర మీదికి పోతున్నదో చూడాలె. పక్కనున్న ఆడబిడ్డ మొకం ఎట్ల పెట్టిందో చూడాలె. అప్పుడు నా నోట్లకు మాట ఒస్తది. గా గాజుకండ్లకు ఏం చెప్పాలె నేను? గందుకే పాడైతే మంచిదే అనిపించింది పొద్దున. నువ్వు తిట్టినా తిట్టకున్నా."

పొద్దున్నుంచీ పెట్టుకున్న కోపం సగం దిగిపోయింది. మిగిలిన సగం ఉంచుకున్నాను, పనికొస్తుందని.

"భయమైతే భయపడు. గనీ కూసో. కూసున్నంక రాకపోతే నేనేం అనను. కూసోకుంటనే పోతే మాత్రం జిందగీల మాఫ్ చెయ్య."

ఆయన తలూపి చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

ఆదివారం పొద్దున తమ్ముడు స్క్రూడ్రైవర్, ఇంకో పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చాడు. కింది పోర్షన్‌లోవాళ్లు అప్పుడే చర్చికి బయల్దేరుతున్నారు, వాళ్ల పిల్లలు మెట్ల మీద ప్రార్థన పాట పాడుకుంటూ దిగుతున్నారు. తమ్ముడు రావడంతోనే బావను పట్టుకున్నాడు.

"ఏం బావా, హీరో అయితున్నవంట గద! వీడియోల ఒస్తవంట. మేకప్ ఎవలు జేస్తరు, మా అక్కనా?"

"నువ్వు ముందుగాల గా డబ్బ నడిపియ్యిరా. నడిపిస్తే నిన్నే హీరోను జేస్త" అన్నాడు మా ఆయన.

తమ్ముడు కొత్త పెన్‌డ్రైవ్ పెట్టాడు. అదే నీలం తెర, అదే నెక్స్ట్ నెక్స్ట్. ఆగింది. మళ్లీ పెట్టాడు. ఈసారి ఇంకోచోట ఆగింది. "డిస్కేనక్కా. పక్కా డిస్కే" అన్నాడు.

"డిస్కయితే ఒక్కోసారి ఒక్కోకాడ ఎందుకు ఆగుతదిరా? మా కౌంటర్‌ల డిస్క్ పోయినప్పుడు ఎన్నిసార్లు చేసినా అదే కాడికొచ్చి ఆగేది."

"అక్కా, నువ్వు బిల్లులు కొట్టుకో జర."

ఆ మాటకు వాణ్ణి ఒకటి అంటించడానికి చెయ్యెత్తాను. దించేటప్పుడు నా కొంగు పెన్‌డ్రైవ్‌కు తగిలింది. పెన్‌డ్రైవ్ మీద మిణుకుమనే చిన్న దీపం ఆరిపోయింది. వేలితో కదిపాను, వెలిగింది. ఇటు కదిపాను, ఆరింది. తమ్ముడూ నేనూ మొహాలు చూసుకున్నాం. పెన్‌డ్రైవ్ బయటికి లాగాను. మెరవాల్సిన దాని ఇనుప మూతి పసుప్పచ్చగా ఉంది. పొడి రాలింది. వాసన చూశాను.

గంధం.

సందులోకి సెల్‌ఫోన్ టార్చ్ వేసి చూశాను. లోపల గోడలకు గంధం, దాని మీద కుంకుమ, గట్టిగా ఎండి గచ్చులా అతుక్కుని ఉంది. దాని పక్క సందూ అంతే. ఇయర్‌ఫోన్ పెట్టే బొక్క పూర్తిగా పూడిపోయింది.

"బావా! ఇట్ల రా!"

మా ఆయన వంటింట్లోంచి వచ్చాడు.

"ఏందిది?"

"గంధమే గద" అన్నాడు, ఇందులో అడగడానికేముందన్నట్టు.

"లోపటికెట్ల పోయింది?"

"పోవుడేంది, పెట్టిన. దసరకు పెట్ట గద."

మాకు దసరా రోజు పనిముట్ల పూజ పెద్ద పూజ. నేత ఇళ్లలో మగ్గానికి ఊరికే ఒక బొట్టు పెట్టి వదిలిపెట్టరు. అటూ ఇటూ పరుగెత్తే నాడెకు పెడతారు, పోగులు దూరే అచ్చుకు పెడతారు, నూలు ఎక్కడ దూరుతుందో, చెయ్యి ఎక్కడ తాకుతుందో అక్కడల్లా గంధం పెట్టి, దాని మీద కుంకుమ పెడతారు. ఊరు వదిలినా ఆయనకు ఆ పద్ధతి పోలేదు. దుకాణంలో కొలబద్దకూ కత్తెరకూ అట్లాగే పెట్టేవాడు. ఇంట్లో ల్యాప్‌టాప్ చేరినప్పటినుంచి దానికీ పెడుతున్నాడని నాకు తెలుసు. మూత మీద ఒక బొట్టు పెడతాడనుకున్నాను. మనిషి శ్రద్ధగా పక్కకు తిప్పి, వైర్లు ఎక్కడెక్కడ దూరుతాయో వెతికి, ఏ ఒక్కదాన్నీ చిన్నబుచ్చకుండా అన్ని సందుల్లోనూ ఉంగరం వేలితో ఒత్తి ఒత్తి పెట్టాడు. ఏటా.

తమ్ముడు నేల మీద కూర్చుండిపోయి నవ్వుతున్నాడు. నాకు నవ్వూ వస్తోంది, ఏడుపూ వస్తోంది.

"తీగ దూరే జాగా గద అని..." అన్నాడు మా ఆయన మెల్లగా. "నూలు దూరే జాగకు పెట్టాలె గద."

"అయ్యో బావా! మగ్గం గంధం తింటది గనీ కరెంటు తింటదా?" అన్నాడు తమ్ముడు.

"పూజ జేస్తే పాడైతదని ఎవలన్న చెప్పిన్రా నాకు?"

ఎవరు చెప్తారు! అట్లా చెప్పాల్సి వస్తుందని ఎవరికి తోస్తుంది!

కుడి పక్క ఇంకో సందు ఉంది. దాంట్లో వైరు లేని మౌస్ తాలూకు చిన్న ముక్క ఎప్పుడూ గుచ్చే ఉంటుంది. ఖాళీ లేదు కాబట్టే మేం పెన్‌డ్రైవ్ అందులో పెట్టలేదు. ఇప్పుడు చూస్తే బొట్టు ఆ ముక్క మీద ఉంది. ముక్క పీకితే వెనకాల సందు తళతళలాడుతోంది, గంధం అంటలేదు. తమ్ముడు పెన్‌డ్రైవ్ మూతి శుభ్రంగా తుడిచి అందులో పెట్టాడు. నీలం తెర వచ్చింది. నెక్స్ట్, నెక్స్ట్. అంకెలు నడుస్తున్నాయి. ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం. సగం దాటింది. నిన్న ఆశపెట్టి ఆగిన చోటు కూడా దాటింది. తర్వాత దానంతటదే ఆగి, దానంతటదే మళ్లీ వెలిగి, మీ పేరేంటి అని అడిగింది. నేను లేచి తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచాను. పాపం, వాడికి దెబ్బ తగిలింది.

వీడియో యాప్ ఎక్కింది. కెమెరా ఆన్ చేస్తే మా ముగ్గురి మొహాలూ మంచులో ఉన్నట్టు ఎర్రెర్రగా, మసకమసకగా వచ్చాయి. కారణం వెతకాల్సిన పనిలేకపోయింది. తెరకు పైన, సరిగ్గా నడిమధ్య, నొసలు అనుకుని ఆయన పెట్టిన బొట్టు. నేను కొంగు తడి చేసి తుడవబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆడిమనిషివి, నువ్వు తుడువకు. నేను తీస్త."

దండం పెట్టుకుని, తడిబట్టతో ఆయనే తీశాడు. కెమెరాలో మా మొహాలు తేటపడ్డాయి.

డబ్బా బాగైంది. మనిషి సంగతి మిగిలింది. తమ్ముడు ఉండగానే ఒకసారి చేసి చూద్దామన్నాం. ఆయన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని తెర చూస్తూ, ఊ, మాట్లాడు, అన్నాను. "నమస్తే" అన్నాడు. తెర మీద తన బొమ్మను తనే చూసుకుని ఆగిపోయాడు. చొక్కా సర్దుకున్నాడు. మళ్లీ "నమస్తే" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట రాలేదు. ఎన్నిసార్లు పెట్టినా నమస్తే దగ్గరే. రెండు రోజులు ఆ ఓఎస్ చేసిందే ఇప్పుడు ఈయన చేస్తున్నాడు. తమ్ముడు కూడా నవ్వడం మానేసి, "రేపటికి ఒస్తది బావా, పరేషాన్ గాకు" అని చెప్పి వెళ్లిపోయాడు.

సోమవారం నేనూ సెలవు పెట్టాను. పొద్దున ముందుగదిలో కుర్చీలు తీసేసి తెల్ల దుప్పటి పరిచాం. పీట మీద ల్యాప్‌టాప్ పెట్టాం. చూపించడానికి కొత్త సరుకు లేదు కాబట్టి నా బీరువాలోని చీరలన్నీ తీసి పేర్చాడు. పేర్చడం మాత్రం ఎప్పటిలా చకచకా పేర్చాడు.

పదకొండింటికి ఆవిడ వచ్చింది. "నమస్కారమండీ. నేను మధ్యలో మాట్లాడను. ఎదురుగా కస్టమర్ ఉన్నారనుకుని చూపించండి, చాలు" అని తన కెమెరా ఆపేసింది. ఆవిడ ఉన్నచోట నల్ల గడి మిగిలింది.

"నమస్తే" అన్నాడు మా ఆయన. పై చీర చేతిలోకి తీసుకున్నాడు. "ఇది... ఇది చీర."

ఓరి దేవుడా అనుకున్నాను. ఆయన నుదురంతా చెమట. గది మూల నిలబడ్డ నా వైపు చూసి, కాదు, నా వల్ల కాదు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆ నల్ల గడి ఎదురుచూస్తోంది. కూర్చుంటే చాలు, రాకపోతే ఏమీ అననని మాటిచ్చాను కదా. అనలేదు. కానీ ఇన్నేళ్లుగా ఇంత పేరు తెచ్చుకున్న మనిషి, ఒక గాజుముక్క ముందు ఓడిపోయి లేస్తుంటే చూడటం నావల్ల కాలేదు. నిన్న నేనూ ఆయన పక్కనే కూర్చుని తెర చూశాను. ఆయన ఎదుట ఎవరున్నారు?

పోయి ల్యాప్‌టాప్ వెనకాల, ఆయనకు ఎదురుగా దుప్పటి మీద కూర్చున్నాను. కొంగు సర్దుకుని, తెర పైనుంచి ఆయన మొహంలోకి చూశాను. పెళ్లయినప్పటినుంచీ ఒక్కనాడూ ఆ దుకాణంలో ఆయన ముందు అట్లా కూర్చోలేదు నేను. ఇంట్లోవాళ్లు పోయి కూర్చుంటే సేటు ముందు బాగుండదనేవాడు. కింద నుంచి మూడో చీర మీదికి చెయ్యి చాచాను.

ఆయన కళ్లు తెర మీదినుంచి లేచి నా చేతి మీదికి వచ్చాయి, చేతి మీదినుంచి మొహం మీదికి వచ్చాయి.

"రాండ్రమ్మా, కూసోండ్రి" అన్నాడు.

అప్పటికే కూర్చున్నాను.

"ఎవలి పెండ్లమ్మా? బిడ్డదా? మీకు గావాల్నా, పెండ్లిపిల్లకా? మీకే? గట్లనే ఉండాలె. అందరికి కొని తల్లికి మాత్రం పాత చీరనా?" మాట్లాడుతూనే ఆ చీర లాగి, ఒక్క విసురుతో పైట నా ఒళ్లోదాకా పరిచాడు. "జర ఈ పువ్వు అంచు చూడుండ్రి. మసకగున్నది గద. అది తప్పు గాదు. నేసినంక అచ్చేసిన పువ్వు గాదిది. నేయకముందే నూలుకు ముడులు కట్టి, రంగుల ముంచి, ఆ నూలు నేస్తే పువ్వు పడ్డది. మనిషి చేత్తోని కట్టింది గాబట్టి అంచుకు గా మసక ఉంటది. మషీన్ చీరకు రమ్మన్న రాదు. మీరు కట్టుకుని నిలబడున్రి, ఎవలైన అడుగుతరు ఏ ఊరిదమ్మా అని."

ఆగలేదు ఇక. ఒకటి మీద ఒకటి పరుస్తూనే ఉన్నాడు. నా చీరలే. పండక్కి కట్టుకున్నవి, పెళ్లిళ్లకు కట్టుకున్నవి, నాలుగైదు అయితే చూరు నీళ్లు పడ్డ మరక కనబడకుండా మడత లోపలికి పెట్టుకున్నవి. వాటినే ఆయన నోటితో వింటుంటే ఇంత మంచి చీరలు నా దగ్గరున్నాయా అనిపించింది. తెర మీద నల్ల గడి ఉన్నదని మరిచిపోయాను. చూపిస్తున్నది మా ఆయన అని కూడా మరిచిపోయాను.

"ఇవన్ని నేను చూపించినయి. మీరు చెప్పున్రి. మీకు ఏ రంగంటే ఇష్టమమ్మా?"

"ఆకుపచ్చ" అన్నాను, అనుకోకుండా, పైకే.

"ఆకుపచ్చ" అంటూ పేర్చిన చీరల మీదికి పోయాడు. నీలం. ఆవపిండి రంగు. ఎరుపు. మళ్లీ ఆవపిండి రంగు. వంకాయరంగు. కిందిదాకా వెతికాడు. ఆయన చెయ్యి ఆగింది. తలెత్తి నన్ను చూశాడు. ఒక్క క్షణమే.

"లేదమ్మా. అబద్ధం జెప్పి ఇంకో రంగు అంటగట్ట. తెప్పిస్త. మంచిది తెప్పించి పక్కకు పెడ్త. మీరొచ్చేదాకా ఎవలకు చూపియ్య."

నల్ల గడి వెలిగింది, వంగి చూశాను. ఆవిడ నవ్వుతోంది. "చాలండీ. ఇంక చూడక్కర్లేదు. బుధవారం సరుకు పంపిస్తాను, అడ్రస్ పెట్టండి. ఎదురుగా కూర్చున్నది ఎవరండీ?"

"మా ఇంటామె."

"అయితే ఆవిణ్ణి కూడా కూర్చోబెట్టండి, మొదటి వారం" అని ఆవిడ వెళ్లిపోయింది.

నేను గంతేసినంత పనిచేశాను. తమ్ముడికి ఫోన్ చేసి, అయిపోయిందిరా, దొరికిందిరా అని కేకలు పెట్టాను. వాడు అటునుంచి ఈల వేశాడు. ఫోన్ పెట్టేసి చూస్తే మా ఆయన దుప్పటి మీంచి లేవనేలేదు. గదినిండా పరిచిన చీరల మధ్య కూర్చుని ఆవపిండి రంగు చీర మడత పెడుతున్నాడు.

"నీకు నిజంగ ఆకుపచ్చ ఇష్టమా?" అన్నాడు.

"నిజంగనే. చిన్నప్పటిసంది."

"ఎన్నడు చెప్పకపోతివి."

"నువ్వెన్నడు అడగకపోతివి" అన్నాను, ఆటపట్టిస్తూ.

ఆయన నవ్వలేదు. చీర అంచు మీద అంచు పెట్టి, అరచేత్తో రెండుసార్లు నిమిరాడు.

"సీజన్ అయినంక ఏం మిగిల్తే అది తెచ్చిన నీకు. ఆకుపచ్చ అన్నిటికంటె ముందు పోతది. గన్నేండ్లల్ల షాపుల ఆకుపచ్చ ఒక్కనాడు మిగల్లేదే."